ఫోనెత్తే మనిషి లేక

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, మా కౌన్సిల్ వాళ్ల వరస అచ్చం అలాగే ఉంది వదినా. మనుషుల్నివ్వండి మహాప్రభో అంటే డబ్బుల్లేవంటారు. పోనీ డబ్బుల దారి నేనే వెతుక్కుంటానంటే అది రూల్సులో లేదంటారు. ఎన్నికలు మాత్రం చెప్పిన రోజుకి చెప్పినట్టు జరిగిపోవాలి. ఎలా జరుగుతాయి? వాటంతటవే జరుగుతాయా?

నువ్వు కుట్టుకో, కుట్టుకో. మిషను ఆపకు. ఆ చప్పుడుంటేనే నాకు బాగుంది. స్కూళ్లు తెరిచేలోపు ఇవ్వాలన్నావు కదా ఈ యూనిఫారాలు. నేనిక్కడ కిటికీ దగ్గర కూర్చుంటాను. వద్దులే, ఈ గోడవైపు కూర్చుంటా. కిటికీకి ఎదురుగా కూర్చోవడం మానేశాను ఈమధ్య.

నవ్వకు. నిజంగానే మానేశాను. ఆఫీసులో నా టేబుల్ కూడా జరిపించాను. జరిపించడమేమిటి నా మొహం, జరపడానికి ఎవరున్నారు? నేనే ఈడ్చుకున్నాను, బీరువా వెనక్కి. పట్టపగలు కూడా లైటు వేసుకుని పని చేస్తున్నాను, కన్నంలో ఎలకలాగ.

అన్నయ్య షెడ్డుకి వెళ్లాడా? అన్నానికి ఇంటికొస్తాడా, అక్కడే తింటాడా?

ఏం లేదు, ఊరికే అడిగాను.

నీకు తెలుసుగా మా ఎన్నికల ఆఫీసు. కౌన్సిల్ భవనానికి వెనకవైపు, నీళ్లపన్ను కట్టే కిటికీ పక్కన రెండు గదులు. ఒకప్పుడు ఆ రెండు గదుల్లో కుర్చీలు చాలక ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చునేవాళ్లం. రిటైరైన వాళ్ల స్థానంలో ఎవర్నీ వెయ్యలేదు. ఒకాయన జబ్బుపడి వెళ్లాడు, ఆ కుర్చీ కూడా ఆయనతో వెళ్లిపోయినట్టే. లైబ్రరీ నుంచి ఒకామెని సర్దుబాటుకి పంపారు. ఫోన్లో ఎవరో అమ్మానాన్నల్ని కలిపి తిడుతుంటే విని, మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి తిరిగి వెళ్లిపోయింది. పుస్తకాలు తిట్టవు కదండీ అంది.

ఆఖరికి ముగ్గురం మిగిలాం. నేను, ఆ కళ్ళజోడమ్మాయి, రికార్డుల గది చూసుకునే పెద్దాయన. పెద్దాయనకి చెవులు సరిగ్గా వినపడవు. ఆయన్ని అడిగితే, ఈ ఆఫీసులో ప్రశాంతంగా ఉన్నది నేనొక్కణ్ణే అంటాడు.

ఈ ముగ్గురితోనే ఓటర్ల పేర్లు సరిచెయ్యాలి, పోయినవాళ్ల పేర్లు తియ్యాలి, హాళ్లు మాట్లాడాలి, పోలింగు రోజున కూర్చోడానికి మనుషుల్ని బతిమాలుకోవాలి. మధ్యలో ఎవరో వచ్చి కౌంటర్ మీద గుద్దుతూ నా ఓటేం చేశారని అడిగితే, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి జవాబు చెప్పాలి.

అయినా నేను అడగలేదనుకున్నావా? కౌన్సిల్లో డబ్బు చూసే లెక్కలాయన దగ్గరికి కాళ్లరిగేలా తిరిగాను. కౌంటరుకి అద్దం పెట్టించండి, గుమ్మం దగ్గర ఒక కాపలా మనిషిని వెయ్యండి, మాటలు రికార్డయ్యే ఫోను ఒకటి ఇప్పించండి, ఈ మూడే అడిగాను. ఆయనేమన్నాడో తెలుసా? ముందు ఏదైనా జరిగినట్టు రిపోర్టు ఉంటే అప్పుడు చూద్దామమ్మా అన్నాడు. జరిగాక పెడితే ఎవరి కోసం పెడతారండీ అన్నాను. నవ్వాడు. మంచివాడే పాపం. బిస్కెట్లు కూడా పెట్టించాడు.

ఆ కవరు వచ్చింది ఆ తర్వాతే. నీకు చెప్పాను కానీ సగమే చెప్పాను.

మామూలు పోస్టులో వచ్చింది. కళ్ళజోడమ్మాయి చింపింది. తెల్లటి పొడి, విషమో ఏమో, ఒళ్లో పడింది. ఆ పిల్ల అరవలేదు వదినా. అరిచుంటే బాగుండేది. రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని, అవి ఇంకెవరివో అన్నట్టు చూస్తూ, "మేడమ్, మీరు బయటికి వెళ్లండి, పెద్దాయన్ని కూడా తీసుకెళ్లండి" అంది. అంతే. ఫైరు వాళ్లొచ్చి లోపల ఆ పిల్లని ఒక్కదాన్నే ఉంచి తలుపు మూసేశారు. నేను ఇవతల, తలుపు అద్దంలోంచి చూస్తూ. ఏం చెయ్యాలో తెలీక చెయ్యి ఊపాను. ఆ పిల్ల ఊపబోయి, చేతులు గుర్తొచ్చి ఆగిపోయింది.

చివరికి బట్టలుతికే సోడా అని తేలింది. మర్నాడు ఊరంతా ఒకటే నవ్వు, ఎన్నికల ఆఫీసు వాళ్లు చాకిరేవు చూసి జడుసుకున్నారని. అన్నయ్య కూడా నవ్వాడు, గుర్తుందా? ఇక్కడే, ఈ గదిలోనే. "మురికి వదలాలని ఎవరో మంచి మనసుతో పంపారులే" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది అప్పుడు. సిగ్గులేకుండా నవ్వాను.

అన్నయ్య కోపం నాకు తెలీనిది కాదు. కిందటి ఎన్నికల్లో తను వెంట తిరిగిన ఆ లారీలాయన గెలిచి ఉంటే రోడ్డువారన షెడ్లు కదిలించేవాళ్లు కాదు. అన్నయ్య వెల్డింగు షెడ్డు ఊరి చివరికి పోయేది కాదు. బేరాలు సగానికి సగం పడిపోయేవి కాదు. నువ్వు ఇలా కళ్లు పోయేలా కాజాలు కుట్టుకుంటూ కూర్చునేదానివి కాదు. అదంతా నిజమే. ఆయన ఓడిపోవడమూ వెంట్రుకవాసిలో ఓడిపోయాడు. అదీ నిజమే.

కానీ ఆ రాత్రి ఓట్ల లెక్కింపు మధ్యలో ఎందుకాపామో తెలుసా? అందరూ లోపల ఏదో గూడుపుఠాణి జరిగిందంటారు. ఏ పుఠాణీ లేదు వదినా. మనుషులు చాల్లేదు. పొద్దున్నుంచి కూర్చున్నవాళ్లకి కళ్లు తిరుగుతున్నాయి, వాళ్ల స్థానంలో కూర్చోడానికి ఇంకో జట్టు లేదు. ఇంకో జట్టుకి డబ్బు మంజూరు కాలేదు. తప్పు లెక్కపెట్టే కంటే ఆపడం మంచిదని నేనే ఆపించాను. పెట్టెలకి సీళ్లు వేసి, పోలీసుల్ని కూర్చోబెట్టి, తెల్లారాక మళ్లీ మొదలుపెట్టాం. అంతే జరిగింది. ఆ ఆగిన కాస్తలో ఊరు ఒక కథ అల్లేసుకుంది. ఆ కథ ముందు నా నిజం ఎంత? వెలవెలబోయింది.

అన్నయ్య అప్పుడే ఒకసారి మా ఇంటికొచ్చి నిలదీశాడు. నా కళ్లల్లోకి చూసి చెప్పు అన్నాడు. చెప్పాను. నమ్ముతున్నాడనే అనుకున్నాను. నన్ను నమ్మాడేమో కూడా. ఆఫీసుని నమ్మలేదు. నేనొకదాన్ని, ఆఫీసొకటి అనుకున్నాడు. నా పక్కన కూర్చునే పిల్లని ఆఫీసనుకున్నాడు.

అదేంటి, మిషను ఆపేశావు?

దారం తెగిందా. సరే, ఎక్కించుకో.

ఎలా చెప్పాలో తెలీక అటూ ఇటూ తిప్పుతున్నాను. ఉండు, చెప్తాను.

కవరు గొడవ తర్వాత కూడా ఆ పిల్ల ఉద్యోగానికొచ్చింది. రావక్కర్లేదమ్మా అన్నాను కానీ, ఒకవేళ రాకపోతే ఎలాగా అని లోపల నాకే గుబులు. వచ్చింది. ముందు గేటు దగ్గర ఎవరెవరో నిలబడుతున్నారని, సైకిలు మాత్రం వెనక సందులో పెట్టుకోవడం మొదలెట్టింది. గోడ పక్కన, జనరేటర్ షెడ్డు చాటున. ఆ సంగతి ఎవరికి తెలుసు? ఆ పిల్లకి, నాకు, పెద్దాయనకి.

మీ ఇద్దరికీ.

నేనే చెప్పాను కదా. మొన్న ఆదివారం మీ ఇంట్లో అన్నం తింటూ చెప్పాను. "చూడన్నయ్యా, పిల్ల ఎంత హడలిపోయిందో, సైకిలు కూడా వెనక సందులో దాచుకుంటోంది. ఇలాంటివాళ్లని ఏడిపించి ఏం బావుకుంటారు వీళ్లు" అన్నాను. జాలిపడతాడని చెప్పాను. అన్నయ్య తల దించుకుని తింటూనే ఉన్నాడు. నువ్వు నాకు పెరుగు వేశావు.

ఆ తర్వాత, ఒక మధ్యాహ్నం. స్కూలు వాళ్లు పోలింగుకి హాలు ఇవ్వం పొమ్మని అడ్డం తిరిగారు. వాళ్లని బతిమాలడానికి కళ్ళజోడమ్మాయిని పంపాను. వేరే మనిషుంటే ఆ మనిషిని పంపేదాన్ని. పెద్దాయనకి ఫోను వినపడదు. అందుకని ఆ పిల్ల సీట్లో నేను కూర్చున్నాను. ఫోను మోగింది. ఎత్తేవాళ్లు ఇంకెవరూ లేక నేనే ఎత్తాను. జలుబు చేసి గొంతు పూడుకుపోయి ఉంది నాకు. ఎన్నికల ఆఫీసండీ అన్నాను.

అవతల నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్న గొంతు. "కళ్ళజోడు పిల్లా, ఇది చెవిలో వేసి మడత పెట్టుకో. నీ సైకిలు ఎక్కడ పెడుతున్నావో తెలుసు. ఆ సందులో దీపం లేదు."

చెవిలో వేసి మడత పెట్టుకో.

ఈ లోకంలో ఎవరంటారు వదినా ఆ మాట? మా నాన్న అనేవాడు. కోపమొస్తే ముందు ఆ మాట, తర్వాత తిట్టు. ఆయన పోయాక ఆ మాట అనేవాళ్లం ఇద్దరమే మిగిలాం. అందులో ఒకదాన్ని నేను, ఫోనుకి ఇవతల ఉన్నాను.

పెట్టేద్దామనుకున్నాను. నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది. "అన్నయ్యా" అని.

 అవతల టక్కున ఫోను పెట్టేశాడు.

పొరపాటు పడ్డావేమో అంటున్నావు. నేనూ అదే అనుకోవాలని చూశాను. జలుబుకి చెవులు కూడా దిబ్బడేశాయని అనుకున్నాను. గొంతుల్లో పోలికలుంటాయనుకున్నాను. కానీ వదినా, నువ్వొకటి గమనించావా? ఇంతసేపూ నువ్వు "ఆయనెందుకు చేస్తాడు" అని అడగలేదు. "ఎప్పుడు" అని అడిగావు.

నీకు తెలుసు.

ఏడవకు. నిన్ననడానికి రాలేదు. వెనక వసారాలోంచి ఫోన్లు చేస్తుంటే ఈ గదిలో మిషను ఇంకా గట్టిగా తొక్కేదాన్నంటావు, వినపడకుండా. నాకు అర్థమైంది. నేను చేసింది మాత్రం ఏమిటి? నేనూ అదే తొక్కుడు తొక్కాను. 

ఆ సాయంత్రమే ఆ పిల్లని రేపట్నుంచి రావద్దన్నాను. ఎందుకు మేడమ్ అంది. ఎవరో ఫోన్ చేశారమ్మా, నీ సైకిలు సంగతి చెప్పారు అన్నాను. పోలీసాయన వచ్చాడు. మంచి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. గొంతు గుర్తుపట్టగలరా అమ్మా అన్నాడు. గుడ్డ అడ్డం పెట్టుకున్నాడండీ, తెలీలేదు అన్నాను. రికార్డింగు ఉందా అన్నాడు. లేదన్నాను. ఆయన పుస్తకం మూసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు అన్నయ్య మా ఇంటికొచ్చాడు. అది నీకు తెలీదు కదూ? నాకు తెలుసు, చెప్పి ఉండడు.

మా ఆయన పనికి వెళ్లాడు. నేనొక్కదాన్నే ఉన్నాను. తలుపు తీస్తే చేతిలో పనిముట్ల సంచితో నిలబడ్డాడు. చెయ్యి తలుపు మీదే ఉంచుకున్నాను వదినా. సొంత అన్నయ్యని చూసి. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. నన్ను తప్పుకోమన్నట్టు చేత్తో సైగ చేసి, గుమ్మంలోనే కూర్చుని, పాత గడియ ఊడదీసి, కొత్తది బిగించడం మొదలెట్టాడు. ఇంత లావు ఇనప గడియ. తన షెడ్డులో తనే చేసినట్టున్నాడు. నేను వంటగది గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మరలు తిప్పుతున్న చప్పుడు వింటూ.

అంతా అయ్యాక ఒకటికి రెండుసార్లు వేసి తీసి చూసి, "రోజులు బాగాలేవు, లోపల గడియ వేసుకుని ఉండు" అన్నాడు. మంచినీళ్లు అడిగాడు. ఇచ్చాను. తాగాడు. వెళ్లిపోయాడు.

ఎవరి నుంచి కాపాడుతున్నాడు నన్ను? చెప్పు వదినా. తన నుంచా? తనతో తిరిగేవాళ్ల నుంచా? తను ఒక్కడే కాదు కదా, గేటు దగ్గర నిలబడేవాళ్లు బోలెడంత మంది. వాళ్లలో ఎవరు ఎంతకి తెగిస్తారో తనకి తెలుసేమో. తెలిసే బిగించాడేమో. అది తలచుకుంటే నాకు ఆ ఫోను కంటే ఆ గడియే ఎక్కువ భయం.

ఆయన చీమకి కూడా హాని చెయ్యడంటావు. ఊరికే నోటి తీట, బెదిరించడం వరకే అంటావు. ఒప్పుకుంటాను. పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను, నాకు తెలీదా? కానీ ఆ పిల్లకి తెలీదు కదా వదినా, మనవాడు మంచివాడని.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. జీతం కాగితాల మీద సంతకం కావాలని వంక పెట్టుకుని వెళ్లాను. వాళ్ల నాన్న గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెద్ద వయసు, మోకాళ్ల నొప్పులు, చేతిలో ఒక కర్ర. ఆ కర్రతో ఎవర్నాపుతాడు? నన్ను చూసి లేచి నిలబడి దండం పెట్టాడు. మీరు పెద్ద మనసుతో పంపించేశారు గాని లేకపోతే మా పిల్ల మానదండీ అన్నాడు. భూమి చీలితే బాగుండనిపించింది.

ఆ పిల్ల లోపల గదిలో పరదాలన్నీ వేసుకుని కూర్చుంది. కళ్ళజోడు లేదు. ఏదమ్మా అన్నాను. కళ్ళజోడుంటే గుర్తుపడతారని తీసేశాను మేడమ్ అంది. అది లేకపోతే ఆ పిల్లకి గోడ ఏదో గుమ్మం ఏదో తెలీదు. తడుముకుంటూ వచ్చి నాకు టీ ఇచ్చింది. "ఎవరో ఏమైనా తెలిసిందా మేడమ్" అంది. "ఎవరో తెలిస్తే చాలు. ఏం చెయ్యక్కర్లేదు. ఎవరో తెలిస్తే మిగతా అందరికీ భయపడక్కర్లేదు కదా" అంది.

తెలీలేదమ్మా అన్నాను. టీ తాగాను కూడా.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. మిగతా అందరికీ భయపడక్కర్లేదు. ఊళ్లో ఉన్న మగాళ్లందరికీ భయపడుతూ కూర్చుంది ఆ పిల్ల, నేను ఒక్క పేరు దాచినందుకు.

దానికి తోడు రేపు ట్రైనింగు. పోలింగు రోజున కూర్చోడానికి రిటైరైన టీచరమ్మల్ని ఇంటింటికీ వెళ్లి బతిమాలి ఒప్పించాను. మీకేం కాదు, నాదీ పూచీ అన్నాను. కొందరు నా మొహం చూసి ఒప్పుకున్నారు. రేపు పొద్దున్న ఆ గేటులోంచే లోపలికొస్తారు. ఇవాళ పొద్దున్న ఇంకో ఫోనొచ్చింది. ఈసారి వేరే గొంతు, నేనెరగను. రేపు గేటు దగ్గర కలుద్దాం అన్నాడు. ట్రైనింగు రేపని బయట బోర్డు పెట్టలేదు వదినా. నేను ఎక్కడా చెప్పలేదు. ఈసారి మీ ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ టీచరమ్మల్లో ఎవరో ఇంట్లో చెప్పుకుని ఉంటారు, నాలాగే, అన్నం తింటూ.

నేనిక్కడికి ఎందుకొచ్చానంటే... అలా చూడకు. చెప్తున్నాను.

నేను పోలీస్ స్టేషన్ నుంచి వస్తున్నాను.

చెప్పేశాను వదినా. ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే వెళ్లాను. అక్కడ గుమ్మంలో కాసేపు నిలబడి తిరిగి వచ్చేద్దామనుకున్నాను. పోలీసాయనే చూసి లోపలికి పిలిచాడు. అంతా చెప్పాను. మడత పెట్టుకోమన్న మాట, సైకిలు, గడియ, అన్నీ. ఆయన రాసుకుంటూ ఒకటే అడిగాడు, ఆ గొంతు మీకెంత బాగా తెలుసమ్మా అని. ఏం చెప్పను? నాకు సైకిలు నేర్పిన గొంతది. సీటు పట్టుకుని వెనకాలే పరిగెడుతూ, పడవులే పడవులే నేనున్నాగా అన్న గొంతు. బాగా తెలుసండీ అన్నాను.

ఫోను రికార్డు ఏదీ లేదు కనక, కేసంటూ అయితే కోర్టులో నిలబడి చెప్పాల్సింది నేనేనట. ఆ లెక్కలాయన ఆ ముక్క ఫోనేదో కొనిచ్చుంటే ఆ యంత్రమే చెప్పి చచ్చేది. ఇప్పుడు అన్నయ్య ఎదురుగా నిలబడి చెల్లెలు చెప్పాలి.

వాళ్లు షెడ్డుకి వెళ్లే ఉంటారు ఈపాటికి. నాకన్నా ముందే బయల్దేరారు. అరెస్టు కాదట, తీసుకెళ్లి మాట్లాడతారట. ఇంకెవరెవరున్నారో అడుగుతారట. వాళ్లొచ్చి చెప్పేలోపు నేను చెబుదామని పరిగెత్తుకొచ్చాను. వచ్చి, కౌన్సిలు, కుర్చీలు, బిస్కెట్లు అని ఇంతసేపూ వాగాను. నోరు రాలేదు వదినా.

చెప్పేస్తే భయం పోతుందనుకున్నాను. పోలేదు. ఇన్నాళ్లూ ఎవడేం చేస్తాడోనని భయం. ఇప్పుడు అన్నయ్య నన్నేమడుగుతాడోనని భయం. ఏమీ అడక్కుండా నాకేసి చూసి తల తిప్పుకుంటాడేమో, అది ఇంకా భయం.

నువ్వు లేచి వెళ్లు, పోనీ. వెళ్లమన్నా వెళ్తాను నేను. ఏదో ఒకటి అను.

మిషను మళ్లీ తొక్కుతున్నావా. సరే.

ఎవరో ఒకరు చెప్పాలి కదా వదినా. మా ఆఫీసులో ఇప్పుడు ఎవరో ఒకరంటే నేనే.